నిమ్మ గుంతకు ఏ ఆగర్? పెట్రోలు యంత్రమా, బ్యాటరీ యంత్రమా?

నెల్లూరు జిల్లా మనుబోలు పరిసరాలలో నేల స్వభావం అంతటా ఒక్కటి కాదు. తూర్పు దిక్కున వరి పండే బరువు నేలలు, కృష్ణపట్నం వైపు ఉప్పు నీటి పాయలను ఆనుకొని రొయ్యల చెరువులు, ఇంకా ముందుకు వెళితే తీరపు ఇసుకలో సరుగుడు తోపులు కనిపిస్తాయి. పడమటి దిక్కున పొదలకూరు, సైదాపురం వైపు సాగే మెట్టలో ఎర్రనేలలు, గరుసు నేలలు ఉన్నాయి. నిమ్మ సాగుకు ఈ మెట్టే ఆధారం. కాయకు గూడూరు, పొదలకూరు మార్కెట్లు అందుబాటులో ఉండటం వల్ల కొత్తగా తోట వేయాలనుకునే రైతు ఏటా ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు.

నిమ్మ నాటడానికి గుంతలు తీయడం వేసవి పని. మే నెలలో తీసిన గుంతలు కొన్ని వారాలు ఎండకు ఆరాలి. ఆ తరువాత పైమట్టి, మాగిన పశువుల ఎరువు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కలిపి నింపి, వానలు పడ్డాక మొక్క నాటాలి. అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, నేల గట్టిపడి గడ్డపార మోగే సమయంలోనే ఈ పని చేయవలసి వస్తుంది. ఆ ఎండలో గుంతలు తవ్వే కూలీలు దొరకడం కష్టమైన చోట చేతితో పట్టుకొని నడిపే ఆగర్ యంత్రాలు ప్రవేశించాయి. రైతులు వీటిని గుంతలు తీసే మిషన్లు అంటారు. ఒకప్పుడు ఇవన్నీ పెట్రోలువే. ఇప్పుడు బ్యాటరీతో నడిచేవి కూడా దుకాణాలకు వచ్చాయి. దానితో ఏది కొనాలన్న సందేహం మొదలైంది.

ఈ సందేహం నిమ్మ రైతులకే పరిమితం కాదు. అమెరికాలోని మిన్నెసోటా వంటి శీతల ప్రాంతాలలో, గడ్డకట్టిన సరస్సు మీద నిలబడి, మంచుపలకకు రంధ్రం వేసి, గాలంతో చేపలు పట్టేవారు కూడా ఇటువంటి ఆగర్‌నే వాడతారు. పెట్రోలు యంత్రమా, బ్యాటరీ యంత్రమా అని వారు కూడా తర్కించుకుంటారు. అయితే అక్కడ తొలిచే పదార్థం మంచు. అందులో రాయి తగలదు, వేరు అడ్డురాదు, వేసిన రంధ్రంలో ఏదీ పెరగనక్కరలేదు. వారికి బ్యాటరీతో వచ్చే ప్రధానమైన చిక్కు చలి. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీ తన శక్తిని పూర్తిగా ఇవ్వదు, సున్నా డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో దానిని ఛార్జి చేయరాదు. నెల్లూరు మెట్టలో ఉన్న చిక్కు దీనికి పూర్తిగా విరుద్ధం. కాబట్టి అక్కడ కుదిరిన నిర్ణయం ఇక్కడ కుదరాలని లేదు.

ముందు గుంత, తరువాత యంత్రం

యంత్రాన్ని ఎంచుకొనే ముందు రైతు ఆలోచించవలసింది గుంత కొలత. నిమ్మకు కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు గల గుంత అవసరం. దాని ఘనపరిమాణం 216 లీటర్లు. చేతి ఆగర్లకు సాధారణంగా బిగించే పెద్ద బిట్టు 12 అంగుళాలది, అంటే సుమారు 30 సెంటీమీటర్లు. దానితో 60 సెంటీమీటర్ల లోతుకు దించితే వచ్చే రంధ్రం 42 లీటర్లు మాత్రమే. కావలసిన గుంతలో ఇది అయిదో వంతు. యంత్రం కొన్నవారిలో చాలామంది ఆ ఒక్క రంధ్రాన్నే గుంత అనుకొని అందులోనే మొక్క పెడుతున్నారు. ఎకరం పని ఒక పూటలో ముగిసిందని సంతోషిస్తున్నారు. ఆ సంతోషం మొక్కకు దక్కదు.

దీనికి మరొక కారణం కూడా ఉంది. తేమ ఉన్న బంక నేలలో ఆగర్ తిరిగినప్పుడు బిట్టు అంచు గుంత గోడను ఒత్తి, మెత్తి, కుమ్మరి కుండ లోపలి భాగంలా నున్నగా చేస్తుంది. మట్టిలోని సూక్ష్మ రంధ్రాలు మూసుకుపోతాయి. ఆరిన తరువాత ఆ పొర గట్టిపడుతుంది. నేల నిరోధకత 2 మెగాపాస్కల్‌లు దాటితే చాలా పంటల వేర్లు ముందుకు సాగలేవు. లేత నిమ్మ వేరు ఆ గోడను తాకి, దారి లేక చుట్టూ తిరుగుతుంది. పైగా అటువంటి గుంత వానాకాలంలో నీరు ఇంకని బకెట్టు అవుతుంది. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలో కురుస్తుంది. వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు పెడితే గుంతలో నీరు నిలుస్తుంది. నిలిచిన నీటిలో ఫైటాఫ్తొరా విజృంభించి వేరుకుళ్లు, బంక తెగులు కలిగిస్తుంది. నిమ్మ కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. పెరుగుదల కుంటుపడిందని రైతు గుర్తించేసరికి ఆ ఏళ్లు గడిచిపోతాయి, గుంతను తిరిగి తీయడం సాధ్యం కాదు.

దీనికి సులభమైన ఉపాయం ఉంది. 60 సెంటీమీటర్ల చదరం గీసి, దాని నాలుగు మూలలకు ఒక్కొక్కటి చొప్పున 30 సెంటీమీటర్ల రంధ్రాలు నాలుగు పక్కపక్కనే వేయాలి. ఇవి చదరంలో 78 శాతానికి పైగా భాగాన్ని ఆక్రమిస్తాయి. నడుమ, అంచుల వెంట మిగిలిన మట్టి దిమ్మెలను గడ్డపారతో పొడిచి కూలదోస్తే గుంత పూర్తవుతుంది. నున్నబడిన గోడ కూడా అదే దెబ్బతో విరిగిపోతుంది. యంత్రం శ్రమను తగ్గిస్తుంది, గడ్డపార గుంతను సరిచేస్తుంది. రెండూ ఉండవలసిందే.

శక్తి లెక్క

ఇలా గుంతకు నాలుగు రంధ్రాలు అనుకున్నప్పుడు పెట్రోలు, బ్యాటరీల మధ్య తేడా స్పష్టమవుతుంది. నిమ్మను 6 మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి సుమారు 110 మొక్కలు పడతాయి. అంటే 440 రంధ్రాలు. గట్టి ఎర్రనేలలో ఒక్కో రంధ్రానికి సగటున 1 కిలోవాట్ శక్తితో రెండు నిమిషాల పని అనుకుంటే, ఎకరానికి కావలసిన యాంత్రిక శక్తి సుమారు 15 కిలోవాట్-గంటలు, అంటే 15 యూనిట్లు. నేల మెత్తనైతే ఇది తగ్గుతుంది, గరుసైతే పెరుగుతుంది.

ఒక కిలో పెట్రోలు మండితే సుమారు 12 యూనిట్ల శక్తి వెలువడుతుంది. ఆగర్‌లకు అమర్చే 52 లేదా 63 సీసీ టూ-స్ట్రోక్ ఇంజను అందులో ఆరో వంతును మాత్రమే పనిగా మార్చగలదు. ఇటువంటి ఇంజన్లలో కొంత ఇంధనం మండకుండానే పొగ గొట్టం గుండా బయటికి పోతుంది. అంత వృథా అయినా కిలో పెట్రోలుకు 2 యూనిట్ల పని దక్కుతుంది. కిలో లిథియం బ్యాటరీలో నిలువ ఉండేది 0.15 నుండి 0.2 యూనిట్ మాత్రమే. బరువుకు బరువు చూస్తే పెట్రోలుది పది రెట్లకు పైగా ఆధిక్యం. పై లెక్కన ఎకరానికి 10 లీటర్ల పెట్రోలు సరిపోతుంది. అదే 0.25 యూనిట్ సామర్థ్యం గల బ్యాటరీతో అయితే ఒక ఛార్జికి రెండు గుంతలు కూడా నిండుగా పూర్తికావు. రెండు, మూడు బ్యాటరీలు కొని వంతులవారీగా ఛార్జి చేసినా ఎకరం పని రోజుల తరబడి సాగుతుంది. ప్రకటనలలో ఒక ఛార్జికి ఇన్ని పదుల గుంతలు అని కనిపించినప్పుడు అవి ఎంత వ్యాసంతో, ఎంత లోతుతో, ఏ నేలలో తీసినవో అడిగి తెలుసుకోవాలి.

నడిపే ఖర్చు మాత్రం బ్యాటరీకే అనుకూలం. పెట్రోలు లీటరు 110 రూపాయల చొప్పున ఎకరానికి 1,100 రూపాయలు, ఆపైన టూ-టి ఆయిల్ ఖర్చు. విద్యుత్తు అయితే నష్టాలు కలుపుకొని 20 యూనిట్లు అనుకున్నా, యూనిట్ 6 రూపాయల లెక్కన 120 రూపాయలే. అయితే బ్యాటరీ కూడా అరిగిపోయే వస్తువే. కొన్ని వందల ఛార్జింగ్‌ల తరువాత దాని సామర్థ్యం తగ్గుతుంది. ఇంటి అవసరానికి కొన్న యంత్రం విషయంలో ఈ పొదుపు మరీ ముఖ్యం కాదు. అద్దెకు తిప్పేవారికి ముఖ్యమే గాని, వారికి బ్యాటరీ వేగం చాలదు.

ఏడాదిలో పది నెలలు మూలన ఉండే యంత్రం

ఆగర్ వాడకం ఏడాదికి కొద్ది రోజులే. మిగతా కాలం అది కొట్టంలో ఉంటుంది. పెట్రోలు యంత్రం చెడిపోయేది ఎక్కువగా ఈ విశ్రాంతి కాలంలోనే. 2025 నాటికి దేశంలో అమ్మే పెట్రోలులో ఇథనాలు 20 శాతానికి చేరింది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తీరప్రాంతపు గాలిలో ఆ తేమకు కొదవ లేదు. నీరు ఎక్కువైనప్పుడు ఇథనాలు, నీరు కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి. పైన మిగిలిన పెట్రోలులో ఆయిల్ ఉంటుంది గాని, ఇంజను ముందుగా పీల్చేది అడుగుభాగాన్నే. ఆయిల్ లేని ఇంధనంతో నడిచిన టూ-స్ట్రోక్ ఇంజనులో పిస్టన్ పట్టేస్తుంది. కార్బురేటర్‌లోని రబ్బరు పొరలు కూడా గట్టిపడి పాడవుతాయి. అందువల్ల పని ముగిసిన రోజునే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అది ఆగేవరకు నడపాలి. ఆయిల్ కలిపిన పెట్రోలును నెలకు మించి నిలువ ఉంచరాదు. ఆయిల్ పాళ్లను తయారీదారు సూచించిన ప్రకారమే కలపాలి.

బ్యాటరీకి శత్రువు ఎండ. మే నెలలో రేకుల షెడ్డులో వదిలిన బ్యాటరీ వాడకపోయినా ముసలిదవుతుంది. పొలంలో పనిచేసి వేడెక్కిన బ్యాటరీని వెంటనే ఛార్జింగ్‌లో పెట్టరాదు. 45 డిగ్రీలు మించిన వేడిలో ఛార్జి చేస్తే లోపలి రసాయన నిర్మాణం దెబ్బతింటుంది. నీడలో చల్లార్చి, రాత్రివేళ ఛార్జి చేయడం మేలు. దీర్ఘకాలం దాచేటప్పుడు నిండుగానూ, పూర్తిగా ఖాళీగానూ కాక, సగం ఛార్జితో ఇంటిలోపల చల్లని చోట ఉంచాలి.

పట్టుకునే మనిషి సంగతి

ధర, వేగం గురించి జరిగే చర్చలో యంత్రాన్ని పట్టుకునే మనిషి గురించి ఎవరూ తగినంత మాట్లాడరు. చాలాసార్లు ఆ మనిషి యజమాని కాదు, కూలికి వచ్చినవాడు. 1.5 కిలోవాట్ శక్తితో బిట్టు నిమిషానికి 200 చుట్లు తిరుగుతున్నప్పుడు, 60 సెంటీమీటర్ల ఎడం గల పిడులను పట్టుకున్న ఒక్కొక్క చేతి మీద సుమారు 12 కిలోల బలం పడుతుంది. సైదాపురం వైపు అభ్రకపు నేలల్లో పలుగురాళ్లు సర్వసాధారణం. బిట్టు రాతిలో ఇరుక్కుంటే ఆ బలం క్షణంలో అనేక రెట్లు పెరిగి పిడి ఎదురు తిరుగుతుంది. మణికట్లు, పక్కటెముకలు దెబ్బతింటాయి. పెట్రోలు యంత్రంలో క్లచ్ జారి కొంత రక్షణ ఇస్తుంది. విద్యుత్ మోటారు ఆగిపోయే క్షణంలోనే గరిష్ఠ బలాన్ని చూపుతుంది కనుక, ఎదురు తిరిగినప్పుడు దానంతట అది కరెంటు నిలిపివేసే ఏర్పాటు లేని బ్యాటరీ యంత్రాన్ని చవకగా వస్తున్నా కొనకూడదు. గరుసు నేలలో ఏ యంత్రమైనా ఇద్దరు పట్టుకునే చట్రంతో వాడటమే క్షేమం. తువ్వాలు, చీర చెంగు, వదులు చొక్కా బిట్టు దరిదాపులకు రానీయరాదు.

శబ్దం విషయంలో బ్యాటరీ యంత్రం చాలా మెరుగు. టూ-స్ట్రోక్ ఇంజను మోత పనివాని చెవి వద్ద 100 డెసిబెల్‌ల దాపున ఉంటుంది. 85 డెసిబెల్‌లను ఎనిమిది గంటలు భరించవచ్చని, ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ వ్యవధి సగం కావాలని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఆ ప్రకారం 100 డెసిబెల్‌ల వద్ద రోజుకు పావుగంటే. చెవులకు రక్షణ లేకుండా కూలీని రోజంతా దానిముందు నిలబెట్టడం న్యాయం కాదు.

ఎవరికి ఏది

మనుబోలు మెట్టలో మూడెకరాలలో కొత్తగా నిమ్మ పెట్టదలచిన రైతు ఈ రెండు యంత్రాలలో దేనినీ కొనవలసిన పని లేదు. 330 గుంతలకు 1,320 రంధ్రాలు, అంటే 44 గంటల నికర పని. విశ్రాంతి కలుపుకొంటే పది రోజులు. దాని బదులు ట్రాక్టరుకు తగిలించే పోస్ట్ హోల్ డిగ్గర్‌ను అద్దెకు తెచ్చుకొని, 45 లేదా 60 సెంటీమీటర్ల బిట్టుతో గుంతకు ఒక్కసారి దించితే చాలు. 60 సెంటీమీటర్ల బిట్టు ఒక్క దెబ్బకు 170 లీటర్ల గుంత తీస్తుంది. గోడలను గడ్డపారతో గీకడం మాత్రం ఇక్కడా తప్పదు. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద ఏర్పడిన అద్దె కేంద్రాలలో ఈ పరికరం ఉన్నదేమో ముందుగా విచారించాలి. 2005 ఉపాధి హామీ చట్టం కింద మంజూరైన తోటలలో కూలీల పనిని తగ్గించే యంత్రాలను సాధ్యమైనంతవరకు వాడరాదన్న నిబంధన ఉండేది కనుక, ఆ రైతులకు గడ్డపార, పారే గతిగా ఉండేది.

ట్రాక్టరు వెళ్లలేని ఏటవాలు నేలలకు, గట్ల వెంట, ఇప్పటికే డ్రిప్ గొట్టాలు పరచిన తోటలకు పెట్రోలు ఆగర్ తగినది. నలుగురైదుగురు రైతులు కలిసి కొనుక్కొంటే ఇంకా మంచిది. గొట్టాలు ఎక్కడున్నవో ముందే గుర్తుపెట్టుకోవాలి.

బ్యాటరీ ఆగర్‌కు తగిన పని వేరు. ఉన్న తోటలో చనిపోయిన పది పదిహేను చెట్ల స్థానంలో మొక్కలు నాటడం, రెండు మూడు రోజులు తీరికగా చేసుకోగలిగిన పని. రొయ్యల చెరువు గట్ల మీద పక్షుల వలకు గుంజలు పాతడం మరొకటి. మట్టి నమూనాల కోసం సన్నని బిట్టుతో మీటరు లోతుకు దిగడానికి కూడా ఇది బాగా పనికివస్తుంది. తోట నాటే ముందు లోతు మట్టి పరీక్ష చేయించని రైతులు ఇంకా ఎందరో ఉన్నారు. తీరపు ఇసుకలో సరుగుడుకు మాత్రం రెండూ దండగే. తీసిన రంధ్రం తీసినట్లే పూడుతుంది. ఎకరానికి నాలుగు వేల మొక్కలు పడే చోట చేయి తిరిగిన కూలీ పార వేగాన్ని ఏ ఆగరూ అందుకోలేదు.

నేల మరీ గట్టిగా ఉంటే గుంత తీసే చోట ముందురోజు సాయంత్రం ఒక బిందె నీరు పోయాలి. ఉదయం పిడికెడు మట్టి తీసి నొక్కితే ముద్దగా నిలిచి, వేలితో తాకగానే పొడిగా రాలిపోవాలి. రాలక సాగితే తేమ ఎక్కువైనట్లు, ఆ పూట యంత్రం దించరాదు. మొదటి గుంత పూర్తికాగానే దానిని నీటితో నింపి వదిలివేయాలి. మరునాటి ఉదయానికి కూడా నీరు నిలిచి ఉంటే, మిగతా గుంతలు తీసే ముందు ఆ భూమిలో నిమ్మ పెట్టాలా వద్దా అన్నది తిరిగి ఆలోచించాలి.