లోకమంతా ఒకటే చీటీ!

హైదరాబాద్‌లో 126... లండన్‌లో 7!

మనిషి ఒకరే. రక్తమూ ఒకటే. పరగడుపున చేయించుకున్న షుగరు పరీక్షా ఒకటే. అంకెలే వేరు. మన దగ్గర డెసిలీటరు రక్తంలో ఎన్ని మిల్లీగ్రాముల గ్లూకోజు ఉందో చెబుతారు. బ్రిటన్‌లో లీటరుకు ఎన్ని మిల్లీమోల్సో లెక్కేస్తారు. కూతురి దగ్గరికని లండన్ వెళ్లిన నాన్నగారు అక్కడి రిపోర్టు చూసుకుని 'నా షుగరు ఏడుకు దిగిపోయిందోచ్' అని సంబరపడి మైసూర్‌పాక్ మీద చెయ్యి వేశారంటే కొంప మునిగినట్టే. ఎందుకంటే ఆ రెండు అంకెలూ ఒకటే... రెండూ సరిగ్గా మధుమేహం గీత మీదున్నవే!

నాన్నగారైతే డాక్టరును అడిగి తెలుసుకుంటారు. కంప్యూటరుకు ఆ అనుమానమే రాదు. 7 అని చెబితే 7 అనే నమ్ముతుంది. ఒక ఆసుపత్రి కంప్యూటరు చెప్పింది మరో ఆసుపత్రి కంప్యూటరుకు ఉన్నదున్నట్టు అర్థం కావాలంటే జబ్బుకు ఒకటే పేరుండాలి, పరీక్షకు ఒకటే గుర్తుండాలి, కొలతకు ఒకటే ప్రమాణముండాలి. ప్రపంచ దేశాలన్నీ కలిసి అలాంటి ఉమ్మడి భాషను కూడబలుక్కుంటున్నాయి. కంప్యూటర్లు రాకముందే మొదలైన కథ ఇది!

పేరు తేలితేనే లెక్క

1830ల చివర్లో ఇంగ్లండులో జనన మరణాల లెక్కలు రాసే కార్యాలయంలో విలియం ఫార్ అనే వైద్యుడు చేరాడు. ఎవరు ఏ జబ్బుతో పోయారో తేల్చడం ఆయన పని. తీరా చూస్తే ఒక్కో జబ్బుకు మూడు నాలుగు పేర్లు. ఒకే పేరుతో నాలుగైదు జబ్బులు! ఇలాగైతే ఏ ఊళ్లో ఏ రోగం ఎక్కువుందో ఎలా తెలుస్తుంది? తూకంరాళ్లు ఎలాగో వైద్యానికి జబ్బుల పేర్లు అలాగని ఆయన పోరుపెట్టాడు.

ఆ పనిని ఓ కొలిక్కి తెచ్చింది పారిస్‌కు చెందిన జాక్ బెర్తిలాన్. శరీర కొలతలతో నేరస్థుల్ని గుర్తుపట్టే పద్ధతిని కనిపెట్టిన అల్ఫోన్స్ బెర్తిలాన్‌కు స్వయానా అన్నగారాయన. తమ్ముడు దొంగల్ని వర్గీకరిస్తే అన్న మరణ కారణాల్ని వర్గీకరించాడు. 1893లో షికాగోలో ఆయన సమర్పించిన జాబితాను దేశాలు ఒక్కొక్కటిగా అందుకున్నాయి. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాని బాధ్యత తీసుకుంది. అదే ఐసీడీ... అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ. దాని పదకొండో కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

కోడి పొడిచినా... కోడ్!

పదో కూర్పు ప్రకారం గుండెపోటుకు 'ఐ21' అన్నది గుర్తు. కర్నూలు డాక్టరు రాసినా, కైరో డాక్టరు రాసినా ఐ21 అంటే గుండెపోటే. కరోనా వచ్చినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి 'యు07.1' అని గుర్తు కేటాయించింది. అన్ని దేశాల మరణాల లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూడగలిగామంటే అందులో ఆ నాలుగు అక్షరాల పాత్ర చాలానే ఉంది.

అమెరికావాళ్లు ఈ జాబితాను మరీ సాగదీశారు. కోడి పొడిచిందని వెళ్లినా అక్కడ ఓ కోడుంది... డబ్ల్యూ61.33! విమానం ఇంజను లోపలికి లాగేసుకుంటే దానికీ ఓ గుర్తుంది. చిత్రమేమిటంటే, 1990లోనే ఆమోదం పొందిన పదో కూర్పును అమెరికా ఆసుపత్రులు రోగుల వివరాలకు వాడటం మొదలెట్టింది 2015 అక్టోబరు 1న. ప్రమాణం తయారుచేయడం ఒకెత్తు, పాత అలవాటు మాన్పించడం మరో ఎత్తు.

జబ్బుల పేర్లు తేలాక కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి కావాల్సొచ్చింది. దానికోసం 1987లో అమెరికాలో 'హెచ్ఎల్7' అనే సంస్థ పుట్టింది. ఎక్స్‌రే, స్కానింగ్ బొమ్మలు ఏ కంపెనీ యంత్రంలో తీసినా మరో కంపెనీ కంప్యూటర్లో తెరుచుకునేలా 1993లో 'డైకామ్' వచ్చింది. ల్యాబ్ పరీక్షలకు ఉమ్మడి గుర్తులిచ్చే 'లాయింక్' పని 1994లో ఇండియానాపొలిస్‌లో మొదలైంది. 2011లో ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహం గ్రీవ్ చేతిలో రూపుదిద్దుకోవడం మొదలుపెట్టిన 'ఫైర్' ఇప్పుడు వీటిలో కొత్త తరం. సెల్‌ఫోన్ యాప్‌లు సమాచారం ఇచ్చిపుచ్చుకునేంత తేలిగ్గా ఆసుపత్రులూ ఇచ్చిపుచ్చుకునేలా చేస్తుందది.

14 శాఖలు... 14 లెక్కలు

ఇవన్నీ డబ్బున్న దేశాల ముచ్చట్లని కొట్టిపారేయకండి. ఈ ప్రమాణాల విలువ బాగా తెలిసొచ్చింది పేద దేశాల్లోనే.

దక్షిణాఫ్రికానే చూడండి. జాతి వివక్ష రాజ్యమేలిన రోజుల్లో తెల్లవారికో ఆరోగ్యశాఖ, భారతీయులకో శాఖ, నల్లజాతి ప్రాంతాలకు ఇంకొన్ని... అలా మొత్తం 14 ఉండేవి. ఎవరి ఫారాలు వారివి, ఎవరి లెక్కలు వారివి. 1994లో నెల్సన్ మండేలా ప్రభుత్వం వచ్చాక 'దేశంలో ఎంతమంది పిల్లలకు టీకాలు పడ్డాయి?' అని అడిగితే సరైన జవాబు దొరకని పరిస్థితి. ఒకచోట ఏడాదిలోపు పిల్లల్ని లెక్కిస్తే ఇంకోచోట రెండేళ్లలోపు వారిని లెక్కిస్తారు. రెంటినీ కలిపితే వచ్చేది లెక్క కాదు, కలగాపులగం.

అప్పుడే నార్వేలోని ఓస్లో విశ్వవిద్యాలయం పరిశోధకులు, దక్షిణాఫ్రికా ఆరోగ్య కార్యకర్తలు కేప్‌టౌన్‌లో చేతులు కలిపారు. ముందు కంప్యూటర్ల జోలికి పోలేదు. 'మనకు తప్పనిసరిగా కావాల్సిన అంకెలేవి? ఒక్కో అంకెకు అర్థమేంటి?' అని కూర్చుని తేల్చారు. వందల గళ్ల ఫారాలను కుదించి, అందరికీ ఒకే చిన్న పట్టిక చేశారు. ఆ తర్వాతే దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించారు. ఆ సాఫ్ట్‌వేరే డీహెచ్ఐఎస్. ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు.

కుప్పం మీదుగా...

ఆ సాఫ్ట్‌వేర్ మన దేశంలో మొదట అడుగుపెట్టింది ఎక్కడో తెలుసా? చిత్తూరు జిల్లా కుప్పంలో! అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి నియోజకవర్గమది. 2000లో సందీప్ సహాయ్ తదితర పరిశోధకులు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని ప్రయోగించారు. రాష్ట్రమంతటా ఆ పద్ధతి నిలదొక్కుకోలేదు కానీ, ఆ అనుభవం వృథా పోలేదు. ఇంటర్నెట్ మీద పనిచేసే రెండో కూర్పు డీహెచ్ఐఎస్2ను 2006లో తొలిసారి కేరళలో వాడి చూశారు. 2011లో కెన్యా దాన్ని దేశమంతటా ప్రవేశపెట్టింది. ఇప్పుడు 70కి పైగా దేశాలు వాడుతున్నాయి. మారుమూల ఆరోగ్య కేంద్రంలో ఎక్కించిన అంకె రాజధానిలో కూర్చున్న అధికారికి అదే రోజు కనిపిస్తుంది.

అలాంటి ఉమ్మడి పద్ధతి లేకపోతే ఏమవుతుందో 2014లో ఎబోలా చూపించింది. గినియా, లైబీరియా, సియెర్రాలియోన్ దేశాలకు సాయం చేయడానికి ఎన్నో సంస్థలు పరుగెత్తుకెళ్లాయి. ఎవరి ఫారం వారిదే. ల్యాబుకు వెళ్లిన రక్తం ఏ పడక మీదున్న రోగిదో జతపరచడం గగనమైపోయింది. ఆ మహమ్మారికి బలైనవారు 11,300 మందికి పైనే. చావులన్నిటికీ లెక్కల తికమకే కారణమని కాదు. కానీ రోగం రోజుల్లో పాకుతుంటే, దాని వెంటపడాల్సిన సమాచారం కాగితాల్లో చిక్కుకుపోయింది.

ఆరేళ్ల తర్వాత శ్రీలంక కథ చూడండి. 2020 జనవరి 27న అక్కడ తొలి కరోనా కేసు బయటపడింది. సమాచార సాంకేతికత కూడా చదువుకున్న అక్కడి డాక్టర్లు, అప్పటికే చేతిలో ఉన్న డీహెచ్ఐఎస్2తోనే విదేశాల నుంచి దిగే ప్రయాణికుల వివరాలు నమోదుచేసే ఏర్పాటు కొద్దిరోజుల్లోనే చేసేశారు. ఓస్లో బృందం దాన్ని మిగతా దేశాలకూ పంచింది. పదుల దేశాలు అందిపుచ్చుకున్నాయి. కొత్తగా కట్టాల్సిన పనిలేదు... పునాది ముందే ఉంది మరి!

పుట్టినతేదీ తెచ్చిన తంటా

అంత పెద్ద దేశాలకూ చిన్న గడి దగ్గర చుక్కెదురైన సందర్భం మనకు గుర్తుండే ఉంటుంది. 2021 సెప్టెంబరులో బ్రిటన్ చదువులకు బయల్దేరిన మన పిల్లలు రెండు డోసులు వేయించుకున్నా క్వారంటైన్ తప్పదన్నారు. కొవిషీల్డ్ టీకాతో పేచీ లేదనీ, ధ్రువపత్రంతోనే సమస్య అనీ బ్రిటన్ చెప్పింది. అప్పటి కొవిన్ పత్రంలో పూర్తి పుట్టినతేదీ ఉండేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన నమూనాలో అది ఉండాలి. విదేశాలకు వెళ్లేవారి పత్రంలో సంవత్సరం, నెల, రోజు వరసలో పుట్టినతేదీ చేర్చే వీలును మనవాళ్లు కల్పించారు. రెండు ప్రభుత్వాల మధ్య వాదులాటలయ్యాక అక్టోబరు 11 నుంచి ఆ నిబంధన తొలగింది. టీకా ఒంట్లో ఉంటే చాలదు, అది ఉందని ఎదుటివాడి కంప్యూటరుకు అర్థమయ్యేలా చెప్పాలి కూడా.

మన ఇంటి గడప దాకా

మన దేశం ఆరోగ్య రికార్డులకు 2013లో ప్రమాణాలు ప్రకటించి, 2016లో సవరించింది. 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌కు ఆధారం 'ఫైర్' ప్రమాణమే. 14 అంకెల ఆభా నంబరున్న వ్యక్తి అనుమతిస్తే, ఒక ఆసుపత్రిలోని రిపోర్టు ఇంకో ఆసుపత్రి డాక్టరు చూడొచ్చు. ఓపీ చీటీకోసం బారులు తీరే పనిలేకుండా క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి టోకెన్ తీసుకునే సదుపాయం చాలా ఆసుపత్రుల్లో వచ్చేసింది. చక్కెర వ్యాధి ఫైలును, ప్లాస్టిక్ సంచీలో ఎక్స్‌రేలను మోసుకుంటూ తిరిగే పెద్దవాళ్లున్న ఇంట్లో దీని విలువ వేరే చెప్పాలా!

అయితే రెండు సంగతులు మరిచిపోకూడదు. ఒకటి, భద్రత. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగితే రోజుల తరబడి పనులన్నీ మళ్లీ కాగితాల మీదే నడిచాయి. అందరికీ అర్థమయ్యే భాష దొంగకూ అర్థమవుతుంది. అందుకే ఎవరికి అనుమతిస్తున్నామో, దేనికి అనుమతిస్తున్నామో చదివాకే ఫోన్లో 'సరే' నొక్కాలి.

రెండోది, ఆ అంకెను మొదట రాసే మనిషి. ఇంటింటికీ తిరిగే ఏఎన్ఎమ్ చేతికి రిజిస్టర్లకు బదులు ట్యాబ్ ఇచ్చే 'అన్‌మోల్' పథకం 2016లో ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. మంచి ఆలోచనే. కానీ ట్యాబ్‌లో ఎక్కించిందే మళ్లీ రిజిస్టర్లోనూ రాయమంటే, ఆమె గర్భిణితో మాట్లాడాల్సిన సమయం గళ్లు నింపడానికే సరిపోతుంది. విసిగిపోయిన చేయి ఏదో ఒక అంకె వేసేస్తుంది. తప్పు అంకెను ఎంత గొప్ప ప్రమాణంలో పంపినా అది తప్పుగానే చేరుతుంది... కాకపోతే కాస్త వేగంగా!

కేప్‌టౌన్‌లో వాళ్లు ముందు ఫారాన్ని చిన్నది చేసి, ఆ తర్వాతే కంప్యూటర్ జోలికి వెళ్లింది అందుకే.