దవాఖానలో పుట్టిన జ్వరము

మా యిందల్వాయి నిజామాబాదునుండి హైదరాబాదునకు పోవు పెద్దబాట నానుకొని యున్నది. రాత్రివేళ ఆ బాటపై రోగులను గొనిపోవు 108 బండి కూత వినబడని దినములు తక్కువ. కొన్ని బండ్లు నిజామాబాదు సర్కారు దవాఖానకును, కొన్ని దూరమున నున్న హైదరాబాదునకును పోవును. వానిలో ప్రాణసంకటమున నున్న రోగిని ఐ.సి.యు. అను ప్రత్యేకపు గదిలో నుంతురు. ఇంటివారు వెలుపలి వరండాలో చాపలు పరచుకొని కాచుకొని కూర్చుందురు. నాలుగవ దినముననో అయిదవ దినముననో నర్సు వచ్చి, "మీవారికి రాత్రినుండి క్రొత్తగా జ్వరము తగిలినది" అని చెప్పిపోవును. ఆ మాటతో వరండాలోని వారి గుండెలు జారిపోవును. తీసికొనివచ్చిననాడు లేని జ్వరము ఇన్ని మందుల నడుమ నెట్లు పుట్టెను? వెంటనే మంచి సూది వేసి దింపరేల? మాటిమాటికి రక్తము తీయుట యేల? ఈ ప్రశ్నలు అడిగినవారిలో మేమును ఒకరము. పిమ్మట తెలిసికొన్న సంగతులను మీకు చెప్పదలచితిమి.

భాగవత దశమస్కంధమున బాణాసురుని యుద్ధఘట్టము చదివినవారికి రెండు జ్వరముల కథ జ్ఞప్తియందుండును. శివజ్వరము మూడు తలలతో, మూడు పాదములతో మీదికి రాగా, శ్రీకృష్ణుడు దానిపైకి తన జ్వరమును పంపెను. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద ఆ ఘట్టము చదువునపుడు, జ్వరము జ్వరముతో పోరుట మాకు మిక్కిలి వింతగా నుండెను. నేటి వైద్యులు చెప్పు మాట దానికి దూరము గాదు. సూక్ష్మజీవులు లోనికి చొచ్చినపుడు శరీరము తన వేడిని తానే పెంచుకొని పోరును. ఇది శరీరము పంపిన జ్వరము. సూక్ష్మజీవుల ప్రసక్తియే లేక, గడ్డకట్టిన రక్తమువలనను, పడని మందువలనను పుట్టు జ్వరములును కలవు. వెలుపల చేయి పెట్టి చూచిన అన్నియు నొక్కటే వేడి. దీనిని పంపిన దెవరో తెలియనిదే వైద్యము సాగదు.

చరకుడు జ్వరములను ఎనిమిది విధములుగా చెప్పి, దెబ్బ మొదలగు వెలుపలి కారణములచే వచ్చుదానిని ఆగంతుజ్వర మనెను. ఐ.సి.యు.లోని రోగిని చూచినపుడు మాకు ఆ మాటయే తోచినది. గొంతులో ఊపిరి గొట్టము, మెడనరములో మందుల గొట్టము, మూత్రమునకొక గొట్టము, ముక్కున ఆహారమున కొకటి. ప్రాణము నిలుపునవి ఇవియే. సూక్ష్మజీవులు లోనికి పోవుటకు త్రోవ లగునవియు ఇవియే. దవాఖానలో చేరిన రెండు దినములు గడచిన పిమ్మట క్రొత్తగా జ్వరము వచ్చెనేని, వైద్యులు మొదట ఈ త్రోవలను వరుసగా శోధింతురు.

ఇంతకు జ్వర మని దేని ననవలెను? జర్మనీ దేశమున వుండర్లిక్ అను వైద్యుడు వేలకొలది రోగుల వేడిని కొలిచి, లెక్కలన్నియు చేర్చి 1868లో గ్రంథము ప్రకటించెను. ఆనాటి జ్వరమాపకము మూరెడు కాకున్నను అడుగుకు దగ్గరగా నుండెడిది. చంకలో పావుగంటకు పైగా నుంచవలసి వచ్చెడిది. ఇంగ్లాండున ఆల్బట్ అను వైద్యుడు ఆ కాలముననే దానిని ఆరంగుళములకు కుదించెను. అమెరికాలోని సంకటరోగ వైద్యుల సంఘమును, అంటురోగ వైద్యుల సంఘమును కలసి 2023లో వెలువరించిన నియమముల ప్రకారము, ఐ.సి.యు. రోగికి వేడి 38.3 సెల్సియసు డిగ్రీలు, అనగా మన లెక్కకు సుమారు 101 డిగ్రీలు అయినచో దానిని జ్వరముగా నెంచి కారణము వెదకవలెను. కొలుచు చోటును ముఖ్యమే. మూత్రాశయమునందలి గొట్టమునకో అన్నవాహికయందో అమర్చిన మాపకము చెప్పునదే నమ్మదగినది. అది లేనిచో నోటగాని మలద్వారమునగాని కొలుచుట మేలు. చంకలోని లెక్క అంత నమ్మదగినది కాదు. 2020లో కరోనా నాడు అంగడి వాకిట నుదుటికి గురిపెట్టిన తుపాకివంటి యంత్రము ఇచ్చట పనికిరాదు.

జ్వరము లేనంతమాత్రమున రోగము లేదని ధైర్యపడరాదు. ముదుసలులకును, మూత్రపిండములు చెడినవారికిని లోపల సూక్ష్మజీవులు చెలరేగుచున్నను ఒడలు చల్లగా నుండవచ్చును. డయాలిసిసు యంత్రమున తిరుగుచున్న రక్తము వెలుపలనే చల్లబడును. వచ్చిన జ్వరముకూడ దానిచే మరుగుపడును.

ఇక మా పినతల్లి సంగతి. బోధను ప్రక్క పల్లెలో ఆమె యిల్లు. 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడువరకు ఆ యింటివారికి చెరకే బ్రతుకు. నిరుడు వానకాలమున ఆమెకు న్యుమోనియా వచ్చి ఊపిరి అందక, ఒక దవాఖానలో ఊపిరి యంత్రముపై నుంచిరి. వారము తిరుగునప్పటికి తేరుకొనెను. యంత్రమును తీయుదుమని చెప్పిరి. తొమ్మిదవనాడు 102 డిగ్రీల జ్వరము! ఆమె కుమారుడు వైద్యురాలి వెంటపడి, "సారూ, ఎంతయినా కాని, పెద్ద సూది ఇయ్యుండ్రి" అని మొరపెట్టుకొనెను. ఆ తొందరలో అమ్మా అనవలసిన చోట సారూ అనుట ఎవరును గమనింపలేదు. "ఏ సూది వేయవలెనో ముందు తెలియనీ, తమ్ముడా" అని ఆమె నెమ్మదిగా చెప్పెను.

రొమ్ము ఎక్స్‌రే తీసిరి. క్రొత్త మచ్చ లేదు. మూత్రపు గొట్టమును మార్చి, క్రొత్త గొట్టమునుండి మూత్రమును పరీక్షకు పంపిరి. పాత గొట్టము గోడలకు సూక్ష్మజీవులు ఊరక పట్టియుండునట. దానినుండి తీసినచో లేని రోగము ఉన్నట్లు కనబడునట. రక్తమును తీసిరి. మందుల పట్టికను ఒక్కొక్కటిగా చూచిరి. ఆ సాయంకాలము లోనికి పోనిచ్చిన పది నిమిషములలో కోడలు అత్తగారి పాదములు తడిబట్టతో తుడిచి, వెలుపలికి వచ్చుచు నర్సుతో, "అక్కా, మా అత్తమ్మ ఎడమకాలు కుడికాలికన్న లావున్నది, పిక్క గట్టిగున్నది" అని చెప్పెను. వెంటనే కాలికి స్కానింగు చేసిరి. పిక్కకు పైనున్న నరములో రక్తము గడ్డకట్టియున్నది. కదలక పడియున్నవారికి ఇట్లగుట కలదు. ఆ గడ్డ ఊపిరితిత్తికి ఎగసినచో ప్రాణమే పోవచ్చును; జ్వరమును అదియే తెచ్చెను. రక్తము గడ్డకట్టకుండ మందు మొదలిడిరి. రక్తపు సీసాలలో సూక్ష్మజీవులేవియు మొలవలేదు. కుమారుడు కోరిన పెద్ద సూది అక్కరయే రాలేదు. పినతల్లి ఇప్పుడు ఇంటనే యున్నది. కోడలిపై మునుపటివలెనే విసుగుకొనుచున్నది.

రక్తము సంగతి కొంచెము వివరింతుము. వరండాలోని తగవులలో సగము దానిగూర్చియే. "ఉన్న రక్తమంతయు తోడివేయుచున్నారు" అని మనవారు వాపోవుదురు. పెద్దలకు ఒక్కొక్క జతకు సుమారు 20 మిల్లీలీటర్లు, అనగా నాలుగు టీచెంచాల రక్తము తీసి సీసాలలో వెచ్చగా నుంచి ఏమి మొలచునో చూతురు. రెండు వేరువేరు చోట్లనుండి, కనీసము రెండు జతలు తీయవలెను. రక్తములో సూక్ష్మజీవులు పలుచగా నుండును గావున, తక్కువ తీసినచో దొంగ దొరకక పోవును. ఒక్కచోటనే తీసినచో చర్మముపైని సూక్ష్మజీవి సీసాలో పడెనో, నిజముగా రక్తముననే యుండెనో తెలియదు. మెడనరములో గొట్టమున్న రోగికి మరియొక ఉపాయము కలదు: గొట్టమునుండియు చేతినరమునుండియు ఒకేసారి రక్తము తీసి, రెంటిని ప్రక్కప్రక్కనే యుంతురు. గొట్టపు సీసా చేతిసీసాకంటె రెండుగంటలైనను ముందుగా మొలచినచో, సూక్ష్మజీవుల కాపురము ఆ గొట్టముననే యని గ్రహింతురు. గడియారముతో దొంగను పట్టు ఈ నేర్పు మాకు చాల నచ్చినది.

మందువలన జ్వరము వచ్చుననిన నమ్మువారు తక్కువ. జ్వరము తగ్గుటకిచ్చిన యాంటిబయాటిక్కే కొందరికి వారము పది దినములకు జ్వరము తెచ్చును. మూర్ఛకిచ్చు ఫెనిటాయిన్‌కును ఆ గుణము కలదు. దానిని మానిన కొలది దినములలో జ్వరము దిగును. అది తెలియక మందుపై మందు పెంచినచో ఏమగునో మీరే యూహింపుడు. రక్తమెక్కించినప్పుడును, పిత్తాశయము వాచినప్పుడును, శస్త్రచికిత్స జరిగిన మొదటి ఒకటి రెండు దినములలోను సూక్ష్మజీవులు లేకయే వేడి తగులవచ్చును. రోగి కుదురుగా నుండి కారణము స్పష్టము గానపుడు వైద్యులు కొంత ఆగి చూచుట అశ్రద్ధ గాదు. రక్తపుపోటు పడిపోయి, తెలివి తప్పుచున్న రోగికి మాత్రము పరీక్షలకు రక్తము తీసిన వెంటనే యాంటిబయాటిక్ ఆరంభింతురు; అచ్చట గంటలు లెక్క.

మరి జ్వరమును దింపనేల వద్దు? ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశముల ఐ.సి.యు.లలో సూక్ష్మజీవులవలన జ్వరము కలిగినట్లు తోచిన 700 మంది రోగులపై పరీక్ష జరిపి 2015లో ఫలితము ప్రకటించిరి. కొందరికి పారాసిటమాల్, కొందరికి ఉత్తమందు ఇచ్చిరి. ప్రాణము దక్కుటలో భేదమేమియు కనబడలేదు. కావున అంకె తగ్గించుటకే మందు ఈయనక్కరలేదనియు, రోగి బాధపడుచున్నచో ఆతని సుఖమునకై ఈయవచ్చుననియు పైని 2023 నియమములు చెప్పుచున్నవి. వడదెబ్బ దీనికి చేరదు. మా జిల్లాలో ఎండ 45 డిగ్రీలకు చేరు వైశాఖ జ్యేష్ఠములలో పొలమున పడిపోయినవాని వేడి శరీరము పంపినది గాదు, సూర్యుడు పంపినది. దానికి పారాసిటమాల్ పనిచేయదు. తడిపి, విసరి, క్షణము జాగుచేయక చల్లార్చవలెను.

మన ప్రాంతపు రోగి తనతో ఇంటినుండియే తెచ్చుకొను జ్వరములను మరువరాదు. కాలు విరిగి చేరినవానికి మూడవనాడు వచ్చిన చలిజ్వరము, నెలలక్రింద వచ్చి కాలేయమున దాగియున్న మలేరియాయే కావచ్చును. ఆ మలేరియా గుట్టు బయటపడినది మన హైదరాబాదు రాజ్యముననే గదా! 1897 ఆగష్టు 20వ తేదీన సికింద్రాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపును భూతద్దము క్రింద చీల్చి చూచి ఆ జ్వరబీజమును కనుగొనెను. ఆ దోమలచే కుట్టించుకొన్న రోగి హుసేన్ ఖాన్. రాసునకు 1902లో నోబెలు బహుమానము వచ్చెను. హుసేన్ ఖానునకు దోమ కాటు కొక అణా చొప్పున ముట్టెనని చెప్పుదురు. నల్లకుంటలోని జ్వరముల దవాఖానకు రాసు పేరే పెట్టినను, క్వారంటైన్ అను మాటను తమ నోటికి అనువుగా మార్చుకొన్న మన పెద్దలకు అది ఎప్పటికిని కోరంటి దవాఖానయే.

స్క్రబ్ టైఫస్ అను జ్వరము గడ్డిలోను పొదలలోను నుండు, కంటికానని పురుగు కాటువలన వచ్చును. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పెచ్చు కట్టును. అది అందరికిని కనబడదు. చంకలోను, గజ్జలోను, స్త్రీలకు రొమ్ముల క్రిందను దాగియుండుటచే పరాయి వైద్యునికి చూప సిగ్గుపడి మనవారు చెప్పరు. స్నానము చేయించు ఆడుదిక్కుకే అది కనబడును. కనబడినచో తప్పక చెప్పవలెను. దానికి మందు డాక్సీసైక్లిన్. ఆ మందుల కుటుంబములో మొదటిదగు ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలనుండి వెలువడెను. అచ్చటి పరిశోధనల కధ్యక్షుడు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన ఆ యేటనే కాలధర్మము చెందిరి.

రోగి నోట గొట్టమున్నంతకాలము ఆతని చరిత్రను చెప్పవలసినది మనమే. బండి యెక్కునపుడు తొందరలో చీర మార్చుకొనుటకైనను వ్యవధి యుండదు. కావున ఆ కాగితమును ముందే వ్రాసి రేషను కార్డుతో కలిపి యుంచుడు. ఇంటిలో వాడు మందులన్నియు, ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లములతోసహా వ్రాయుడు. మునుపు ఏ మందు పడక దద్దురులు వచ్చెనో, చక్కెర వ్యాధి యున్నదో లేదో, ఎప్పుడైన రక్తమెక్కించిరేమో వ్రాయుడు. ఆ నెలలో రోగి ఏ పొలమున పనిచేసెను, ఏ యూర నిద్రించెను, ఇంటిలో మరెవరికైన జ్వరము వచ్చెనా అనునవియు వ్రాయవలెను. లోనికి పోవునపుడు, వచ్చునపుడు చేతులు సబ్బుతో కడుగుకొనుడు. మెడనున్న గొట్టపు కట్టును సవరింపబోకుడు. పసుపుకుంకుమలు, విభూతి ఆ కట్టు దరిని రాయకుడు. ఇరువదియేండ్ల క్రింద క్షయకు మందు తిని నయమైన సంగతిని, పిల్లల పెండ్లిండ్ల భయముచే చాల యిండ్లలో దాచుదురు. ఆ మందు ఎన్ని నెలలు తినెనో, నడుమ మానెనేమో, అదియు ఆ కాగితముననే వ్రాయుడు.