అమ్మ ఓటు ఒక వార్డు.. నా ఓటు ఇంకో వార్డు! తప్పెవరిది?

2020 జనవరి 22. నా మొదటి మున్సిపల్ ఓటు. పొద్దున్నే తల దువ్వుకుని, సెల్ఫీకి రెడీ అయి, అమ్మతో కలిసి బయల్దేరా. సందు చివరికి వచ్చాక అమ్మ కుడికి తిరిగింది, నేను ఎడమకి తిరగాలి. ఎందుకంటే ఒకే ఇంట్లో, ఒకే గ్యాస్ కనెక్షన్ మీద బతుకుతున్న మా ఇద్దరి ఓట్లు రెండు వేర్వేరు వార్డుల్లో పడ్డాయి.

"గదేందిరా, నువ్వు మనింట్ల ఉంటలేవా?" అంది అమ్మ నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా గల్లీ మురుగు కాలువ బాగుచేయించే కౌన్సిలర్‌ని ఎన్నుకునే హక్కు అమ్మకుంది, నాకు లేదు. నేను ఓటేసిన కౌన్సిలర్ ఎక్కడో మూడు వీధుల అవతల ఉంటాడు. మా ఇంటి ముందు నీళ్లు నిలిస్తే ఆయన్నెలా అడగను?

మాది అనంతగిరి కొండల దిక్కు. ఊరి పేరు ఇక్కడ అక్కర్లేదు, ఎందుకంటే ఈ కథ ఏ మున్సిపాలిటీలోనైనా జరగొచ్చు. కానీ ఆ రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. అసలు మున్సిపల్ ఎన్నికలు ఎవరు పెడతారు? మున్సిపాలిటీనా, కలెక్టరేటా, హైదరాబాద్‌లోని ఎన్నికల సంఘమా?

రెండు ఆఫీసులు, ఒకటే జవాబు

పోలింగ్‌కి ముందే అమ్మ స్లిప్పు, నా స్లిప్పు పక్కపక్కన పెట్టి చూసుకుని ఆఫీసులకి తిరిగా. మొదటి ఆఫీసులో ఒక సార్ ఓపిగ్గానే చెప్పాడు. "తమ్మీ, పేర్లు మేం రాయలే. అసెంబ్లీ లిస్టుల నీ పేరు ఏ ఇంటి నంబర్ మీదుంటే గా వార్డుల వడ్తది. గదంత రెవెన్యూ వాళ్లది."

సరేనని రెండో ఆఫీసుకి వెళ్లా. అక్కడ ఇంకో సార్. "అసెంబ్లీ లిస్టుల నీ పేరు కరెక్టే ఉంది గదా. వార్డులుగ విడగొట్టింది మున్సిపాలిటోళ్లు. ఆడ్నే అడుగు."

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. చిక్కు అక్కడే ఉంది.

అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల ఓటర్ల జాబితా కేంద్ర ఎన్నికల సంఘానిది. మన వీధిలో తిరిగే బీఎల్‌వోలు ఆ లెక్కలోకే వస్తారు. మున్సిపల్ ఎన్నికలొస్తే, అదే జాబితాని తీసుకుని ఇంటి నంబర్ల ప్రకారం వార్డులవారీగా కత్తిరించి అతికిస్తారు. ఈ పని మున్సిపల్ కమిషనర్ ఆధ్వర్యంలో జరుగుతుంది. మా ఇంటికి పాత నంబర్ ఒకటి, కొత్త నంబర్ ఒకటి ఉన్నాయి. అమ్మ పేరు కొత్త నంబర్ మీద, నా పేరు పాత నంబర్ మీద ఎక్కింది. కత్తెర మా ఇంటి మధ్యలోంచి పోయింది.

ముసాయిదా జాబితా పెట్టినప్పుడు అభ్యంతరం చెప్పడానికి కొన్ని రోజులిచ్చారు. నేను చూసుకునేసరికి ఆ గడువు దాటిపోయింది. అంటే నా తప్పు కూడా కొంత ఉంది, ఒప్పుకుంటున్నా.

బిల్ కలెక్టర్, జిల్లా కలెక్టర్

ఇప్పుడు అసలు సంగతి. 1993 జూన్ 1న 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. అందులోని 243జడ్‌ఏ అధికరణం ప్రకారం మున్సిపల్ ఎన్నికల ఓటర్ల జాబితా తయారీ, ఎన్నికల నిర్వహణ, వాటిపై పర్యవేక్షణ మొత్తం రాష్ట్ర ఎన్నికల సంఘానివి. మున్సిపాలిటీవి కావు, రాష్ట్ర ప్రభుత్వానివీ కావు. ఎన్నికల కమిషనర్‌ని గవర్నర్ నియమిస్తారు. తీసేయాలంటే మాత్రం హైకోర్టు జడ్జిని తీసేసేంత పెద్ద ప్రక్రియ ఉండాలి.

వినడానికి భలే గట్టిగా ఉంది కదా? కానీ ఈ సంఘానికి ఊరూరా సొంత సిబ్బంది లేరు. 243కె అధికరణం ప్రకారం సంఘం అడిగితే గవర్నర్ సిబ్బందిని సమకూర్చాలి. అంటే పని చేసే చేతులన్నీ అరువు చేతులే. జిల్లాలో కలెక్టర్, పట్టణంలో మున్సిపల్ కమిషనర్, బూత్‌లో టీచర్లు, ఇతర శాఖల ఉద్యోగులు. ఎన్నికలయ్యాక వీళ్లంతా మళ్లీ ఎవరి శాఖకి వాళ్లు వెళ్లిపోతారు.

మరి ఈ పని మున్సిపాలిటీ చేతిలో ఎక్కువ ఉండాలా, జిల్లా చేతిలోనా? రెండువైపులా న్యాయమైన మాటలే ఉన్నాయి.

మున్సిపాలిటీ వైపు నుంచి చూడండి. ఇంటి పన్ను వసూలుకొచ్చే బిల్ కలెక్టర్‌కి ఏ గడప ఏ గల్లీలో ఉందో కళ్లు మూసుకుని తెలుసు. మా ఇంటి పాత నంబర్ కథ ఆయన్ని అడిగితే అర నిమిషంలో తేలిపోయేది. జిల్లా కలెక్టర్‌కి ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

జిల్లా వైపు నుంచీ చూడండి. మున్సిపల్ ఆఫీసులో పనిచేసేవాళ్లు ఐదేళ్లూ చైర్‌పర్సన్, కౌన్సిలర్ల ముందు కూర్చునేవాళ్లే. రేపు ఆ కౌన్సిలర్లే మళ్లీ పోటీ చేస్తారు. ఏ వార్డు గీత ఎక్కడ పడాలి, ఏ సందు ఏ వార్డులోకి పోవాలి అన్నప్పుడు ఆ ఉద్యోగి మీద ఒత్తిడి రాదని ఎవరు చెప్పగలరు? అంపైర్‌కి జీతం ఒక టీమ్ ఇస్తున్నట్టు ఉంటుంది. అందుకే కాస్త దూరంగా ఉండే జిల్లా యంత్రాంగం మేలంటారు.

దూరం కూడా ఒక సమస్యే

ఒకప్పుడు మన దగ్గర "జిల్లా" అంటేనే దూరం. 2016 అక్టోబర్ 11కి ముందు వికారాబాద్, తాండూరు రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. కలెక్టరేట్ ఎక్కడంటే హైదరాబాద్ లక్డీకాపూల్‌లో. తాండూరు నాపరాయి పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే మనిషి ఓటరు జాబితాలో తప్పుందని చెప్పాలంటే వంద కిలోమీటర్లకు పైగా పోవాలి. ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ, మధ్యాహ్నం భోజనం అన్నీ పోయేవి. కొడంగల్ వాళ్లదైతే అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా.

ఇప్పుడు వికారాబాదే జిల్లా కేంద్రం. 2022 ఆగస్టులో కొత్త సమీకృత కలెక్టరేట్ కూడా మొదలైంది. తాండూరు నుంచి రైలెక్కితే పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రావొచ్చు. జిల్లాలో వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్ మున్సిపాలిటీలున్నాయి. నాలుగింటి లెక్క ఒక్కచోట చూడడం ఇప్పుడు అయ్యే పనే. అందుకే "జిల్లాకి ఇచ్చేద్దాం" అన్న మాటకి ఇప్పుడున్న బలం పదేళ్ల కింద లేదు.

అమెరికాలో ఒక బాలాజీ గుడి ఊరు

ఈ గొడవ మనదొక్కటే అనుకోకండి. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో అరోరా అనే నగరం ఉంది. అక్కడి బాలాజీ గుడి గురించి మీ అన్నో, అక్కో చెప్పే ఉంటారు. ఆ నగరానికి సొంతంగా ఒక ఎన్నికల కమిషన్ ఉండేది. కౌంటీకి, అంటే మన జిల్లా లాంటి దానికి, ఎలాగూ ఎన్నికల విభాగం ఉంది. ఒకే పనికి రెండు ఆఫీసులు, రెండు ఖర్చులు ఎందుకన్నది అక్కడ వాదన. 2018 మార్చిలో ఓటర్లనే అడిగారు. వాళ్లు నగర కమిషన్‌ని రద్దు చేసేయమన్నారు. పని కౌంటీకి పోయింది.

ఇక్కడ తేడా గమనించాలి. అక్కడ కౌంటీ క్లర్క్‌ని ప్రజలే ఎన్నుకుంటారు. పని బాగా చేయకపోతే వచ్చేసారి ఓడిస్తారు. మన కలెక్టర్‌ని మనం ఎన్నుకోం. ఆయన్ని వేసేది, మార్చేది రాష్ట్ర ప్రభుత్వం. పట్టణం నుంచి జిల్లాకి మార్చినంత మాత్రాన స్వతంత్రత వచ్చేసిందని అనుకుంటే పొరపాటే. లోకల్ లీడర్ ఒత్తిడి తగ్గొచ్చు, పైనుంచి వచ్చే ఒత్తిడి పెరగొచ్చు.

పక్క రాష్ట్రంలో ఇది చూశాం. 2020 మార్చిలో కరోనా పేరుతో ఆంధ్రప్రదేశ్ ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆయన పదవీకాలమే కుదించింది. మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది. మున్సిపల్ పోలింగ్ చివరికి 2021 మార్చి 10న జరిగింది. ఆ మధ్యలో కొందరు కలెక్టర్లను మార్చమని కమిషనర్, కుదరదని ప్రభుత్వం. చేతులు అరువువైతే ఇలాగే ఉంటుంది మరి.

గోవాలో ఇంకా విచిత్రం. ప్రభుత్వ న్యాయ కార్యదర్శికే ఎన్నికల కమిషనర్‌గా అదనపు బాధ్యతలిచ్చారు. 2021 మార్చి 12న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది: ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లు రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌గా ఉండకూడదు, ఆ పదవి పూర్తిగా స్వతంత్రంగా ఉండాలి.

పోనీ, పెద్ద నగరం తన పని తనే చేసుకుంటే తప్పులు రావా? హైదరాబాద్‌లో ఎన్నికల పని జీహెచ్‌ఎంసీ కమిషనర్ చూస్తారు. 2020 డిసెంబర్ 1న పోలింగ్ రోజు ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో బ్యాలెట్ పేపర్ మీద సీపీఐ అభ్యర్థి పేరు పక్కన సీపీఎం గుర్తు అచ్చయింది. పోలింగ్ ఆపేసి డిసెంబర్ 3న మళ్లీ పెట్టారు. ఎవరి చేతిలో ఉన్నా తప్పు జరగొచ్చు. జరిగినప్పుడు ఎంత త్వరగా, ఎవరు సరిదిద్దుతారన్నదే ముఖ్యం.

కౌన్సిలర్ లేని కాలం

2020లో 120 మున్సిపాలిటీలు, 9 కార్పొరేషన్లకు ఒకేసారి పోలింగ్ జరిగింది. ఆ పాలకవర్గాల ఐదేళ్ల గడువు 2025 జనవరి 26తో ముగిసింది. రాజ్యాంగంలోని 243యూ అధికరణం ఏం చెబుతుందంటే, గడువు ముగిసేలోపే కొత్త ఎన్నికలు పూర్తి కావాలి. 2006లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అయినా గడువు ముగిసింది, ఎన్నికలు కాలేదు, స్పెషల్ ఆఫీసర్లు వచ్చారు. అదనపు కలెక్టర్ల లాంటి జిల్లా అధికారులే ఆ కుర్చీలో కూర్చున్నారు.

అప్పుడు నాకు అర్థమైంది. మున్సిపాలిటీని నడిపేదీ జిల్లా యంత్రాంగమే, రేపు దానికి ఎన్నిక పెట్టాల్సిందీ జిల్లా యంత్రాంగమే అయితే, మనం ఎవర్ని అడగాలి? మా గల్లీలో లైటు పోతే ఇదివరకు కౌన్సిలర్ ఇంటి తలుపు కొట్టేవాళ్లం. తిట్టేవాళ్లం కూడా. "ఓటు వేశినం గదా సార్" అని అనగలిగేవాళ్లం. స్పెషల్ ఆఫీసర్‌తో ఆ మాట అనలేం.

నా మాట

ఎన్నికల పని జిల్లాకి ఎక్కువగా ఇవ్వడానికి నేను వ్యతిరేకం కాదు. కానీ మూడు సంగతులు జరగాలి.

ఒకటి, ఎన్నికల ప్రకటన వచ్చిన రోజు నుంచి ఆ అధికారులు జవాబు చెప్పాల్సింది రాష్ట్ర ఎన్నికల సంఘానికే అన్నది కాగితం మీద కాకుండా నిజంగా అమలు కావాలి. రెండు, ఓటరు ఫిర్యాదుకి ఒకే కిటికీ ఉండాలి. "మాది కాదు" అనే మాట ఆ కిటికీలో వినపడకూడదు. మూడు, గడప తెలిసిన మున్సిపల్ సిబ్బందిని పక్కన పెట్టేయకుండా, వాళ్లు చెప్పింది సరిచూసే పని మాత్రం బయటివాళ్లకి ఇవ్వాలి. బిల్ కలెక్టర్ కన్ను, జిల్లా కలెక్టర్ సంతకం రెండూ కలిస్తేనే మా అమ్మ, నేను ఒకే బూత్‌కి వెళ్తాం.

అవన్నీ జరిగేలోపు మన చేతిలో ఉన్నది మనం చేసుకుందాం. ఎలాగూ ఫోన్ చేతిలోనే ఉంది.

● ఎన్నికల సంఘం యాప్‌లో మీ పేరొక్కటే కాదు, ఇంట్లో అందరి పేర్లూ చూడండి. అందరి ఇంటి నంబర్ ఒకటేనా?

● కొత్త ఓటుకి ఫారం 6. అడ్రస్ మార్పు, తప్పుల సవరణకి ఫారం 8. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1. "ఇంకో ఏడాది ఆగాలి" అనుకోకండి.

● వార్డులవారీ ముసాయిదా జాబితా వచ్చిందని తెలియగానే మున్సిపల్ ఆఫీసుకి పోయి చూడండి. గడువు చాలా తక్కువ ఉంటుంది.

● అభ్యంతరం నోటితో చెప్పొద్దు. రాసివ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి, ఫోటో తీసి పెట్టుకోండి.

నేను ఫారం 8 పెట్టా. ఇప్పుడు అమ్మ పేరు, నా పేరు ఒకే ఇంటి నంబర్ కింద వరసగా ఉన్నాయి. స్క్రీన్‌షాట్ తీసి అమ్మకి చూపించా. "గంతేనా? గీ దాన్కి అప్పుడు గన్ని తిప్పలు వెట్టిన్రా?" అంది.

అంతే అమ్మా. కానీ మళ్లీ వార్డు లిస్టు వచ్చినప్పుడు మాత్రం మొదటి రోజే పోయి చూసొస్తా.