కరెంటు బిల్లు జీరో.. మరి బూడిద లెక్క ఎవరిది? కంచన్‌బాగ్‌లో స్విచ్ వేస్తే పాల్వంచలో ఏం జరుగుతుందో తెలుసా?

హైదరాబాద్: కంచన్‌బాగ్‌లో మిధాని ఉంది. డీఆర్‌డీఓ ల్యాబ్‌లు ఉన్నాయి. పెద్దాసుపత్రులు, ఇరుకు గల్లీలు, వేల ఇళ్లు ఉన్నాయి. కానీ కరెంటు తయారుచేసే ప్లాంటు మాత్రం కనుచూపు మేరలో ఎక్కడా లేదు. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, అంతే. పొగ కనిపించదు, బూడిద రాలదు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులకైతే 2024 మార్చి నుంచి బిల్లు కూడా జీరోనే.

మరి ఆ పొగ, ఆ బూడిద ఎటు పోతున్నాయి? ఎవరి ఇంటి మీద పడుతున్నాయి? ఒక్కసారి లెక్క చూద్దాం.

నెలకు రెండు బస్తాల బూడిద!

తెలంగాణలో వాడే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తోంది. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కాల్చాలి. అంటే 200 యూనిట్లకు 140 కిలోలు. మన బొగ్గులో బూడిద శాతం ఎక్కువ. సాధారణంగా 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. 35 శాతం అనుకున్నా, 140 కిలోల బొగ్గు కాలితే దాదాపు 50 కిలోల బూడిద మిగులుతుంది. 25 కిలోల బియ్యం బస్తాలతో పోలిస్తే రెండు బస్తాలన్నమాట!

నిజానికి గ్రిడ్‌లో జల విద్యుత్, సోలార్ కూడా కలుస్తాయి. మీ ఇంటికి వచ్చిన యూనిట్ ఏ ప్లాంటుదో విడదీసి చెప్పలేం. వాడే కరెంటంతా బొగ్గుదే అనుకుంటే వచ్చే లెక్క ఇది.

ఒకప్పుడు పొగ మన ఊళ్లోనే..

ఇప్పటి తరానికి తెలియకపోవచ్చు కానీ, హైదరాబాద్‌కూ సొంత థర్మల్ ప్లాంటు ఉండేది. నిజాం కాలంలో, 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున దాన్ని కట్టారు. బొగ్గు కాల్చి నగరానికి వెలుగిచ్చేవారు. 1983లో దాన్ని మూసేశారు, 1990ల్లో కూల్చేశారు. పొగ గొట్టం ఊరి నుంచి పోయింది. కరెంటు వాడకం మాత్రం పెరుగుతూనే పోయింది.

ఆ భారం వేరే ఊళ్లకు మారింది. రామగుండంలో ఎన్టీపీసీ పాత ప్లాంటు సామర్థ్యమే 2600 మెగావాట్లు. కిన్నెరసాని నీటి ఆధారంతో పాల్వంచలో 1960ల్లో కేటీపీఎస్ మొదలైంది. అక్కడ పాత యూనిట్లను మూసేశాక, వాటి 8 కూలింగ్ టవర్లను 2024 ఆగస్టు 5న పేల్చి నేలమట్టం చేశారు. ఆ వీడియో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. అయితే అక్కడితో కథ అయిపోలేదు. పక్కనే కొత్త యూనిట్లు నడుస్తున్నాయి. అందులో ఒక్కటే 800 మెగావాట్లది.

ఇక నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గర 4000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు వచ్చింది. దాని పర్యావరణ అనుమతిని 2022లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ నిలిపివేసి, మరిన్ని అధ్యయనాలు చేయాలని ఆదేశించింది. మళ్లీ అనుమతి వచ్చాక 2024 డిసెంబర్‌లో ఒక యూనిట్‌ను ప్రారంభించారు. ఐదు యూనిట్లూ పూర్తిస్థాయిలో నడిస్తే రోజుకు 50 వేల టన్నులకు పైనే బొగ్గు కావాల్సి వస్తుందని అంచనా వేయొచ్చు.

అసలు ఆ పొగలో ఏముంది?

ప్రధానంగా నాలుగు ఉంటాయి.

ఒకటి.. సన్నటి ధూళి. దీన్నే పీఎం 2.5 అంటారు. వెంట్రుక మందంలో దాదాపు ముప్పయ్యో వంతు ఉంటుంది. ముక్కులో ఆగదు. ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లి, అక్కడి నుంచి రక్తంలోకి చేరుతుంది. ఆస్తమా ముదరడం, సీఓపీడీ, గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్.. వీటన్నిటితో దీనికి సంబంధం ఉందని పరిశోధనలు తేల్చాయి. పిల్లలు, గర్భిణులు, వయసు పైబడినవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ.

రెండు.. సల్ఫర్ డయాక్సైడ్. ఇది గొంతు, శ్వాసనాళాలను మండిస్తుంది. అసలు సమస్య ఆ తర్వాత మొదలవుతుంది. గాలిలో కలిశాక ఇది సల్ఫేట్ రేణువులుగా మారుతుంది. అంటే వాయువు కాస్తా మళ్లీ పీఎం 2.5 అవుతుంది. ఆ రేణువులు గాలివాటాన్ని బట్టి వందల కిలోమీటర్లు వెళ్లగలవు.

మూడు.. నైట్రోజన్ ఆక్సైడ్లు. ఎండకు ఇవి ఓజోన్ తయారవడానికి కారణమవుతాయి. నాలుగు.. పాదరసం, ఆర్సెనిక్ లాంటి విష లోహాలు.

చిమ్నీకి ముందు ఈఎస్పీ అనే యంత్రాలు ఉంటాయి. బాగా పనిచేస్తే ఇవి 99 శాతానికి పైగా బూడిదను పట్టేస్తాయి. కానీ సల్ఫర్ వాయువును పట్టలేవు. దానికి ఎఫ్‌జీడీ అనే వేరే వ్యవస్థ కావాలి.

పట్టిన బూడిద ఏమవుతుంది?

కొంత సిమెంటు కంపెనీలకు, ఇటుకల బట్టీలకు వెళ్తుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల గోడల్లో కనిపించే బూడిద రంగు ఇటుకలు చాలావరకు ఇవే. మిగిలింది నీళ్లలో కలిపి బూడిద చెరువుల్లోకి పంపుతారు. ఎండాకాలంలో చెరువు ఆరితే, గాలి వీచినప్పుడల్లా చుట్టుపక్కల ఊళ్ల మీదకు లేస్తుంది. ఆరేసిన బట్టల మీద, పంట మీద, తాగే నీళ్ల మీద పడుతుంది. గట్టు తెగితే వాగుల్లో కలుస్తుంది. ప్లాంట్లు 100 శాతం బూడిదను వాడేయాలని, లేదంటే టన్నుకు 1000 రూపాయలు కట్టాలని కేంద్రం 2021 డిసెంబర్‌లో నిబంధన తెచ్చింది.

గ్యాస్ ప్లాంట్లు ఉంటే సమస్య తీరేదా?

చాలావరకు తగ్గేది. గ్యాస్ కాలిస్తే బూడిద ఉండదు. సల్ఫర్ దాదాపు ఉండదు. కార్బన్ డయాక్సైడ్ బొగ్గుతో పోలిస్తే సగం దాకా తగ్గుతుంది. అయితే నైట్రోజన్ ఆక్సైడ్లు తప్పవు. గ్యాస్ లీకైతే ప్రమాదం కూడా. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు.

ఇంకో చిక్కు ఏంటంటే, గ్యాసే లేదు! కేజీ బేసిన్ డీ6 గ్యాస్‌ను నమ్ముకుని ఆంధ్రప్రదేశ్‌లో వేల కోట్లతో ప్లాంట్లు కట్టారు. ఉత్పత్తి పడిపోవడంతో 2013 నుంచి కరెంటు ప్లాంట్లకు ఆ గ్యాస్ ఆగిపోయింది. మళ్లీ భారమంతా బొగ్గు మీదే పడింది.

రూల్ మారింది.. ఎవరికి రక్షణ?

థర్మల్ ప్లాంట్ల పొగకు కఠిన పరిమితులు 2015 డిసెంబర్‌లో వచ్చాయి. రెండేళ్లలో అమలు కావాలి. గడువు మళ్లీ మళ్లీ పొడిగించారు. చివరికి 2025 జులైలో కేంద్రం కొత్త నోటిఫికేషన్ ఇచ్చింది. 10 లక్షలకు పైగా జనాభా ఉన్న నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్న ప్లాంట్లకు ఎఫ్‌జీడీ తప్పనిసరి. తీవ్ర కాలుష్య ప్రాంతాల దగ్గరున్న వాటిపై ఒక్కోదాన్ని చూసి నిర్ణయిస్తారు. మిగతా వాటికి, అంటే దేశంలోని దాదాపు 78 శాతం యూనిట్లకు ఎఫ్‌జీడీ నుంచి మినహాయింపు దొరికింది.

మన బొగ్గులో సల్ఫర్ తక్కువ, ఎఫ్‌జీడీకి ఖర్చెక్కువ, కరెంటు రేటు పెరుగుతుంది అన్నది ప్రభుత్వ వాదన. సల్ఫర్ తక్కువన్న మాట నిజమే. కానీ కాల్చే బొగ్గు కోట్ల టన్నుల్లో ఉన్నప్పుడు ఆ కొంచెం కూడా కొంచెం కాదు అన్నది పర్యావరణవేత్తల మాట.

ఇక్కడే గమనించాలి. కంచన్‌బాగ్ పక్కన ప్లాంటు ఉంటే రూల్ కాపాడేది. కానీ ఇక్కడ ప్లాంటు లేదు. ప్లాంటు ఉన్న పాల్వంచ, దామరచర్ల లాంటి చోట్లు పెద్ద నగరాల లెక్కలోకే రావు. ఊపిరి మాత్రం అక్కడివాళ్లదీ అదే ఊపిరి.

మనం ఏం చేయొచ్చు?

హైదరాబాద్ గాలిలో వాహనాల పొగ, రోడ్డు ధూళి వాటా పెద్దది. కాబట్టి మన దగ్గర కాలుష్యానికంతా థర్మల్ ప్లాంట్లే కారణం అనలేం. ఏడాది సగటు పీఎం 2.5కి మన దేశం పెట్టుకున్న పరిమితి 40 మైక్రోగ్రాములు. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పేది 5 మాత్రమే. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 'సమీర్' యాప్‌లో గాలి నాణ్యత చూసుకుని బయటికెళ్లడం మంచిది. గాలి బాగోలేని రోజు ఎన్95 మాస్కు వాడాలి. దగ్గు తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

ఇంటిపై సోలార్ పెట్టుకుంటే పీఎం సూర్యఘర్ కింద 78 వేల రూపాయల వరకు సబ్సిడీ ఉంది. డాబా లేనివాళ్లు బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టుకున్నా కరెంటు సగానికి పైగా మిగులుతుంది. ఒక్క యూనిట్ ఆదా అయితే ఎక్కడో పావు కిలో బూడిద తగ్గినట్టే.

ఈసారి జీరో బిల్లు చేతికొచ్చినప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన బిల్లు జీరో కావొచ్చు. ఆ కరెంటు ఖరీదు మాత్రం జీరో కాదు.