జపాన్ క్యాంపర్ వ్యాన్: తెప్పిస్తే ఎంత, ఇక్కడే వెతుక్కుంటే ఎంత?

టయోటా హయేస్, నిస్సాన్ క్యారవాన్, మజ్దా బాంగో ఫ్రెండీ. లోపలే పరుపు, పొయ్యి, చిన్న ఫ్రిజ్ అమర్చుకుని కుటుంబం మొత్తం ఊళ్ళు తిరిగే ఈ జపాన్ వ్యాన్లకు ప్రపంచమంతటా అభిమానులున్నారు. అమెరికాలో 25 ఏళ్ళు దాటిన వాహనాన్ని, కెనడాలో 15 ఏళ్ళు దాటినదాన్ని అక్కడి భద్రతా ప్రమాణాలతో పని లేకుండా దిగుమతి చేసుకోవచ్చు. మనలాగే ఎడమ పక్కన నడిచే బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలకు కుడి స్టీరింగ్ ఉన్న జపాన్ వ్యాన్లు ఎన్నో ఏళ్ళుగా వెళ్తున్నాయి.

హోసూరు, కృష్ణగిరి వైపు వాళ్ళకూ ఈ ఆశ సహజమే. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి ఈ రెండు ఊళ్ళ మీదుగానే పోతుంది. కృష్ణగిరిలో చెన్నై దారి విడిపోతుంది, కుప్పం మీదుగా అనంతపురం వెళ్ళే దారీ అక్కడే మొదలవుతుంది. బండి ఉంటే దారులకు కొదవ లేదు. ముందు తేల్చుకోవాల్సింది లెక్క.

అడ్డుపడేది వయసు

జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్ళకు, ఆ తర్వాత రెండేళ్ళకోసారి ‘షాకెన్’ అనే తప్పనిసరి తనిఖీ ఉంటుంది. దానికి ఖర్చు ఎక్కువ. అందుకే బాగా నడిచే బండ్లు కూడా వేలానికి వస్తాయి, చవగ్గా దొరుకుతాయి.

మన నిబంధన దీనికి పూర్తిగా ఎదురు. వాడిన వాహనం భారతదేశానికి రావాలంటే తయారై మూడేళ్ళు దాటకూడదు. స్టీరింగ్ కుడివైపు ఉండాలి. స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపాలి. దిగుమతి అయ్యాక కనీసం ఐదేళ్ళు రోడ్డు మీద నడిచే స్థితిలో ఉండాలి, ఆ ఐదేళ్ళూ సర్వీసు దొరుకుతుందన్న హామీ ఇవ్వాలి. పక్కనే చెన్నై రేవు ఉన్నా లాభం లేదు, ముంబయి రేవులోనే దించాలి. జపాన్ వ్యాన్‌కు స్టీరింగు, స్పీడోమీటరు షరతులు ఇబ్బంది కావు. మూడేళ్ళ షరతు దగ్గరే తలుపు మూసుకుంటుంది. చవగ్గా దొరికే పదిహేను, ఇరవై ఏళ్ళ పాత క్యాంపర్‌కు ఈ దారి లేదు.

హైవే మీద విదేశీ నంబరు ప్లేటుతో క్యాంపర్ కనిపిస్తే అది ఇక్కడ అమ్మకానికి వచ్చింది కాదు. ‘కార్నే’ అనే కస్టమ్స్ పత్రం మీద యాత్రికులు తాత్కాలికంగా తెచ్చుకున్న బండి. గడువు లోపల తిరిగి దేశం దాటించాలి.

మూడేళ్ళ లోపుదైతే?

ఉదాహరణకు, ముంబయి చేరే సరికి ఓడ ఖర్చు, బీమాతో కలిపి 10 లక్షలు పడే వ్యాన్ అనుకుందాం. వాడిన కార్ల మీద మూల సుంకాన్ని 2013 బడ్జెట్‌లో 100 నుంచి 125 శాతానికి పెంచారు. ఇప్పుడు మూల సుంకం, అదనపు భారం అన్నీ కలిపి 137.5 శాతం.

వ్యాన్ విలువ: 10,00,000
దిగుమతి సుంకాలు 137.5 శాతం: 13,75,000
రెండూ కలిపి: 23,75,000
దాని మీద 40 శాతం జీఎస్టీ: 9,50,000
మొత్తం: 33,25,000 రూపాయలు

జీఎస్టీలో 40 శాతం అన్నది పెద్ద కార్లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లో ఉన్న రేటు. పరీక్షల ఖర్చు, రోడ్డు పన్ను, ముంబయి నుంచి హోసూరు దాకా రవాణా ఇంకా ఇందులో కలపలేదు. పది లక్షల బండికి ఇరవై మూడు లక్షలకు పైగా పన్నులే.

పాతబడే కొద్దీ పెరిగే ఫీజు

ఎప్పుడో దిగుమతై ఇప్పటికే ఇక్కడ రిజిస్టరైన వ్యాన్‌ను కొనడం ఇంకో దారి. సొంత వాడకం వాహనానికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు మామూలు కారుకు 5,000, దిగుమతి కారుకు 40,000. ఇరవై ఏళ్ళు దాటిన వాటికి 2025 ఆగస్టులో మళ్ళీ పెంచారు: మామూలు కారుకు 10,000, దిగుమతి వాహనానికి 80,000.

పదిహేనో ఏట ఒకసారి, ఇరవై దాటాక ఒకసారి కడితే ఇక్కడ తయారైన బండికి 15,000తో సరిపోతుంది. దిగుమతి బండికి 1,20,000 అవుతుంది. కొనేటప్పుడు ఆర్‌సీలో దిగుమతి వాహనమని ఉందా లేదా అన్నది అందుకే మొదట చూడాలి.

జపాన్ మూలం, తమిళనాడు తయారీ

జపాన్ వ్యాన్ కోసం జపాన్ దాకా పోనక్కర్లేదు. నిస్సాన్ 2009లో జపాన్‌లో తెచ్చిన ఎన్‌వీ200 అక్కడ క్యాంపర్లకు బాగా వాడే వ్యాన్. అదే బండిని చెన్నై దగ్గరి ఒరగడంలో తయారు చేసి, 2012లో ‘ఎవాలియా’ పేరుతో మన మార్కెట్లో పెట్టారు. 2013లో అశోక్ లేలాండ్ దాన్నే ‘స్టైల్’ పేరుతో అమ్మింది. రెండూ ఎక్కువగా అమ్ముడుపోలేదు, 2015 నాటికి ఆగిపోయాయి. హోసూరుకు ఈ బంధం ఇంకా దగ్గరిది. 1980 నుంచి ఇక్కడ అశోక్ లేలాండ్ కర్మాగారం నడుస్తోంది. నిస్సాన్ భాగస్వామ్యంలో పుట్టిన ‘దోస్త్’ చిన్న లారీ 2011లో ఇక్కడి నుంచే రోడ్డెక్కింది.

ఎవాలియా పొడవు సుమారు 4.4 మీటర్లు, సీట్లు ఏడు, పక్కకు జరిగే తలుపులు. అందులోని 1,461 సీసీ డీజిల్ ఇంజన్ రెనో కుటుంబానిది. డస్టర్, సన్నీ కార్లలోనూ ఆ కుటుంబపు ఇంజనే ఉంది కాబట్టి ఇంజన్ సామాను దొరుకుతుంది, దాని పని తెలిసిన మెకానిక్‌లూ దొరుకుతారు. కష్టమల్లా ఈ బండికే ప్రత్యేకమైన తలుపు పట్టాలు, అద్దాలు, బాడీ భాగాలతోనే. కొనే ముందు పక్క తలుపుల్ని పదిసార్లు తెరిచి మూసి చూడండి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. నడుస్తుండగా బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోతుంది.

ఇంకా చిన్న బండి చాలనుకుంటే ఓమ్ని, ఈకో ఉన్నాయి. 1984లో వచ్చి 2019 దాకా తయారైన ఓమ్నికి మూలం సుజుకి క్యారీ. పొడవు 3.37 మీటర్లు, ఇంజన్ 796 సీసీ. ఇద్దరు పడుకోవడానికి ఇరుకైనా సరిపోతుంది.

మార్పులకు చట్టం గీసిన గీత

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన ప్రమాణాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు వచ్చింది. సీట్లు పీకేసి, పైకప్పు కోసి ఎత్తు పెంచితే అది ఈ గీత దాటినట్టే. సొంత వాడకం క్యాంపర్ వ్యాన్ అనే వర్గం చట్టంలో ఉంది. శాశ్వతంగా మార్చదలిస్తే పని మొదలుపెట్టక ముందే ఆర్టీవో కార్యాలయంలో లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి. లేదంటే సీట్లను మడిచి, వాటి మీద తీసిపెట్టే చెక్క మంచం పరుచుకోవడమే క్షేమం.

బరువు లెక్క కూడా ఇప్పుడే వేయాలి. ఏడుగురిని మనిషికి 65 కిలోల చొప్పున మోసే బండి 455 కిలోలు మోస్తున్నట్టు. ఇద్దరు మనుషులు 130 కిలోలు. ప్లైవుడ్ పలకలు రెండు 70, నీళ్ళు 40, బ్యాటరీ 30, ఫ్రిజ్ 15, వంటసామాను, పరుపు 40. మొత్తం 325. ఇంకా 130 కిలోల వెసులుబాటు ఉంటుంది. హోసూరు పీఠభూమి మీది నుంచి కృష్ణగిరికి దిగే దారిలో బ్రేకుల మీద పడే భారం ఈ లెక్కను బట్టే ఉంటుంది.

కరెంటు సంగతి: 12 వోల్టుల, 100 యాంపియర్-అవర్ బ్యాటరీలో 1,200 వాట్-అవర్లు ఉంటాయి. లెడ్ యాసిడ్ అయితే సగమే వాడాలి, అంటే 600. సగటున 25 వాట్లు తాగే ఫ్రిజ్ ఒక్కటే రోజంతా నడిస్తే అది అయిపోతుంది. ఫ్యాను తిరగాలంటే రెండో బ్యాటరీ గానీ, పైన సోలార్ పలక గానీ కావాలి.

కాగితాలు రెండు

ఒకటి బీమా. ఐదేళ్ళు దాటిన బండికి విలువ ఎంతన్నది మీరూ కంపెనీ కలిసి ఒప్పుకునేదే. లోపల పెట్టిన సామాను విలువను, చేయించిన మార్పుల్ని పాలసీలో రాయించండి. రెండోది రాష్ట్రం. టీఎన్ 70, టీఎన్ 24 నంబర్ల బండి బెంగళూరులో 12 నెలలకు మించి ఉంటే అక్కడ తిరిగి రిజిస్టర్ చేయించాలి.

లెక్కలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. సామాన్య కుటుంబానికి అందుబాటులో ఉన్న పాత జపాన్ వ్యాన్ మన రోడ్ల మీదే, మన నంబరుతోనే తిరుగుతోంది. తెల్లారితే యంత్రాలతో పని చేసే మనుషులున్న ఊరు హోసూరు. ఆగిపోయిన మోడల్ అని తుక్కుకు పంపబోయే ఎవాలియాను నిలబెట్టడానికి కావలసిన చేతులు ఇక్కడున్నాయి. అలా నిలబెట్టిన ప్రతి బండీ ఒక కుటుంబానికి దేశం చూపిస్తుంది, ఆ పని గౌరవించదగ్గది. కొనే ధరలో మూడో వంతు డబ్బు మరమ్మతులకు పక్కన పెట్టుకోండి. ఆర్‌సీ, ఇంజన్, బరువు: ఈ వరసలోనే పరిశీలించండి. ఈ మూడూ సరిపోయాకే అడ్వాన్సు ఇవ్వండి.