పనిలేని డిస్కునకు విశ్రాంతి

ధాన్యమును గాదెలోను, దస్తావేజులను పెట్టెలోను దాచుట మన మెఱిగినదే. నేడు పొలము కాగితముల ప్రతులు, పెండ్లి ఛాయాచిత్రములు, గతించిన పెద్దల కంఠధ్వనులు హార్డు డిస్కు అనెడి చిన్న పెట్టెలో దాచబడుచున్నవి. హైటెక్ సిటీకి సమీపమున నున్న చందానగర్‌లో మా కుమారుని యింట అట్టివి రెండు కలవు. అవి రేయింబవళ్లు నడచు నొక చిన్న కంప్యూటరునకు తగిలింపబడియున్నవి. ఇంటివా రడిగిన దాని నందించునట్టి కంప్యూటరును సర్వరు అందురు. దానిని నడపునది, 1991లో లినస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లండు దేశపు విద్యార్థి ఆరంభించిన లినక్స్ వ్యవస్థ.

డిస్కులోపల అయస్కాంతపు పూతగల పళ్లెములు సాధారణముగా నిమిషమునకు 5400 లేక 7200 మార్లు తిరుగుచుండును. చదివెడి ముల్లు వానిని తాకక, గాలిపొరపై తేలుచుండును. అడుగువారు లేకున్నను పళ్లెములు తిరుగుచునే యుండును. గింజలు లేని గానుగను ఎద్దు త్రిప్పుటవంటి దిది. ఇట్టి వృథాభ్రమణమునకు 5 వాట్లు వ్యయమగుననుకొందము. దినమునకు 20 గంటలు నిద్రపుచ్చినచో నెలకు మిగులునది 3 యూనిట్లు. ధనము స్వల్పమే; వేసవిలో వేడి తగ్గుట అంతకంటె మేలు.

నిద్రపుచ్చుటకు లినక్స్‌లో హెచ్‌డీపార్మ్ అను పనిముట్టు కలదు. దానికి ఎస్ అను అక్షరముతో నొక యంకె చెప్పవలెను. 240 వఱకు ఒక్కొక్క యంకెకు 5 సెకండ్లు. కావున 120 అనగా పది నిమిషములు. 241 అనగా అర్ధగంట, 242 అనగా గంట. కొన్ని యూఎస్‌బి పెట్టెలు ఈ యాజ్ఞను లోని డిస్కునకు చేరనీయవు. అప్పుడు హెచ్‌డి-ఐడిల్ అను మఱియొక పనిముట్టు తానే కాలము లెక్కించి డిస్కును నిలుపును.

అయితే అతినిద్రయు హానికరమే. ముల్లు పళ్లెములపైకి వచ్చిపోవు పర్యాయములకు తయారీదారు లొక మితి చెప్పుదురు, కొన్నింటికది 3,00,000. అయిదు నిమిషముల కొకమారు పండి లేచెడి డిస్కునకు దినమునకు 288 పర్యాయములగును. మూడేండ్లు నిండకమునుపే మితి తీరును! అడుగడుగునకు కాడి విప్పి మరల కట్టిన ఎద్దు దున్నునా? అర్ధగంటయో గంటయో గడు విచ్చుట మేలు.

మఱియు నిద్రించుదానిని ఊరక లేపరాదు. డిస్కు ఆరోగ్యము పరీక్షించు స్మార్ట్‌డి అను కావలివానికి, నిద్రించుచున్నచో పరీక్ష మానుమని ముందే చెప్పవచ్చును.

నిద్రించుచున్నది గదా యని తీగె నూడబెఱుకరాదు. వ్రాయవలసినది కంప్యూటరు జ్ఞాపకమున నింకను మిగిలియుండవచ్చును. అన్‌మౌంట్ అను ఆజ్ఞ నిచ్చి, అది ముగిసిన పిదపనే తీయవలెను.

విశ్రాంతి డిస్కును కొంత కాపాడును గాని చిరంజీవిని చేయదు. విత్తనములను రెండు తావుల దాచు రైతువలె, ముఖ్యమైన వానికి రెండవ ప్రతి వేఱొక డిస్కున, వేఱొక యింట నుంచుడు. పెద్దల కంఠము ఒకమారు పోయిన మరల దొరకదు.