మంచు కింద పచ్చిక

భూగోళానికి దక్షిణపు కొనన అంటార్కిటికా ఖండం ఉంది. చలికాలంలో దాని చుట్టూ ఉన్న సముద్రపు నీరు గడ్డకట్టి కోటిన్నర చదరపు కిలోమీటర్లకు పైగా పలకలా పరచుకుంటుంది. వేసవిలో అందులో చాలా భాగం కరిగిపోతుంది. పైనుంచి చూస్తే ఆ మంచు ప్రాణం లేని తెల్లని ఎడారిలా కనిపిస్తుంది. కాని దాని అడుగున ఒక పచ్చిక బయలు ఉంది.

వసంతంలో సూర్యకాంతి మంచులోకి దిగుతుంది. ఆ వెలుగులో మంచు అడుగునా, అందులోని సన్నని ఉప్పునీటి రంధ్రాలలోనూ శైవలాలు పెరుగుతాయి. ఇవి నీటిలో పుట్టే అతిసూక్ష్మమైన మొక్కల వంటివి. రొయ్యను పోలిన 'క్రిల్' అనే జీవి వీటిని మేస్తుంది. ఎంత పెరిగినా దాని పొడవు సుమారు 6 సెంటీమీటర్లే. చలికాలంలో నీటిలో ఆహారం కరువైనప్పుడు క్రిల్ పిల్లలు మంచు అడుగును అంటిపెట్టుకొని, అక్కడి శైవలాలను గీకి తిని బతుకుతాయి. ఈ క్రిల్‌ను చేపలు, పెంగ్విన్లు, సీళ్లు తింటాయి. దాదాపు 30 మీటర్ల పొడవు పెరిగే నీలి తిమింగలానికి కూడా ఇదే ప్రధానాహారం. ఒకదానినొకటి ఆధారం చేసుకొన్న ఈ వరుసనే ఆహారపు గొలుసు అంటారు. మంచు తగ్గితే క్రిల్ పిల్లలకు తిండీ, నీడా రెండూ తగ్గుతాయి. గొలుసు మొదట్లోనే బలహీనపడుతుంది.

మంచు పైభాగం కూడా కొన్ని ప్రాణులకు ఇల్లే. ఎంపరర్ పెంగ్విన్లు ఒడ్డును అంటి ఉన్న సముద్రపు మంచుమీద గుడ్లు పెడతాయి. మగపక్షి సుమారు రెండు నెలలు తిండి మాని, గుడ్డును పాదాలపై ఉంచుకొని పొదుగుతుంది. పిల్లలకు నీటిని అంటనివ్వని ఈకలు డిసెంబరు, జనవరి నాటికిగాని రావు. అంతవరకు మంచు నిలవాలి. 2022 చివరలో బెల్లింగ్‌షాసెన్ సముద్రతీరాన అది ముందే విరిగిపోయింది. అక్కడి ఐదు స్థావరాలలో నాలుగింట ఆ ఏటి పిల్లలు మిగిలి ఉండవని ఉపగ్రహ చిత్రాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2023లో తేల్చారు. 2023 ఫిబ్రవరిలో ఆ ఖండం చుట్టూ మిగిలిన మంచు సుమారు 18 లక్షల చదరపు కిలోమీటర్లే. 1979 నుంచి ఉపగ్రహాలు కొలుస్తూ వచ్చిన వాటిలో అప్పటికి అదే అతి తక్కువ.

సముద్రజలం వేడెక్కడం ఈ తరుగుదలకు ఒక ముఖ్య కారణం. తెల్లని మంచు ఎండను తిప్పికొడుతుంది. అది కరిగితే బయటపడిన నల్లని నీరు ఆ వేడిని పీల్చుకొంటుంది. బొగ్గు, పెట్రోలు ఎక్కడ కాల్చినా వాటి పొగలోని కర్బన వాయువు భూమినంతటినీ వేడెక్కిస్తుంది. దాని ఫలితం మనుషులు కాపురముండని ఆ మంచుదాకా చేరుతోంది. కనిపించే తిమింగలం నిలవాలంటే కనిపించని ఆ పచ్చిక నిలవాలి.